లెక్క చదవగానే అది ఏ డిస్ట్రిబ్యూషనో పట్టుకోవడం ఎలా?

ప్రాబబిలిటీ డిస్ట్రిబ్యూషన్ల (ఏ విలువ ఎంత సంభావ్యతతో వస్తుందో చెప్పే నమూనాల) చాప్టర్‌లో ఫార్ములాలు చాలామందికి నోటికి వచ్చేస్తాయి. ప్రశ్నలో "బైనామియల్ వాడి కనుక్కోండి" అని ఉంటే పది నిమిషాల్లో తేల్చేస్తారు. ఆ ఒక్క ముక్క తీసేసి ఉత్త లెక్క ఇస్తే మాత్రం పెన్ను ఆగిపోతుంది. ల్యాబ్‌లో, ప్రాజెక్టులో ఆ ముక్క ఎవరూ రాసిపెట్టరు. అక్కడ ఉండేది ఒక కాలమ్ నిండా అంకెలు, అవి ఎలా వచ్చాయన్న కథ. ఆ కథను సరిగ్గా అడగడం వస్తే పేరు దానంతటదే బయటపడుతుంది, ఫార్ములా కోసం పుస్తకం తిరగేసుకోవచ్చు. అందుకే కింద ఫార్ములాలు తక్కువ, అడగాల్సిన ప్రశ్నలు ఎక్కువ.

1. లెక్కపెట్టారా, కొలిచారా?

పాడైన బోర్డులు, సర్వర్‌కి వచ్చిన రిక్వెస్టులు, తప్పుగా చేరిన బిట్లు లెక్కపెట్టేవి. 0, 1, 2, 3 అంటూ పోతాయి, మధ్యలో రెండున్నర ఉండదు. వీటికి డిస్క్రీట్ డిస్ట్రిబ్యూషన్ కావాలి. షాఫ్ట్ వ్యాసం, బేరింగ్ ఆయుష్షు, వోల్టేజి కొలిచేవి. ఎంత దగ్గరి రెండు విలువలు తీసుకున్నా మధ్యలో ఇంకోదానికి చోటుంటుంది. వీటికి కంటిన్యువస్.

ప్రశ్న మరీ చిన్నదిగా కనిపిస్తుంది కానీ, ఇక్కడే ఒక గందరగోళం పుడుతుంది. షాఫ్ట్ వ్యాసం సగటు 25 మి.మీ., స్టాండర్డ్ డీవియేషన్ (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలత, దాని గుర్తే సిగ్మా) 0.02 మి.మీ. అనుకోండి. దాని నార్మల్ కర్వ్ (గంట ఆకారపు గీత) గీస్తే శిఖరం ఎత్తు దాదాపు 20 వస్తుంది. సంభావ్యత 1 దాటకూడదు కదా, ఇదేమిటని కంగారు పడనక్కర్లేదు. కంటిన్యువస్‌లో కర్వ్ ఎత్తు సంభావ్యత కాదు, దాని కింద ఉన్న వైశాల్యమే సంభావ్యత. కర్వ్ అంత సన్నగా ఉంది కాబట్టే అంత ఎత్తుకు లేచింది. సరిగ్గా 25.000 మి.మీ. వచ్చే సంభావ్యత సున్నా. 24.99 నుంచి 25.01 వరకు అని అడిగితేనే లెక్కకు అర్థముంటుంది.

2. ముందే ఖాయమైనది ఏది, తేలాల్సింది ఏది?

మొత్తం విషయంలో కీలకం ఇదే, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. ప్రతి లెక్కలోనూ ఒకటి మనం ముందే నిర్ణయించుకుని ఉంటాం, ఇంకొకటి జరిగాక తెలుస్తుంది.

20 బోర్డులు తీసి పరీక్షిస్తాను, అందులో ఎన్ని పాడైనవో చూస్తాను. ఇక్కడ 20 ఖాయం, పాడైనవాటి సంఖ్య తేలాలి. ఇది బైనామియల్.

పాడైన బోర్డు మొదటిసారి దొరికేదాకా ఒక్కొక్కటీ తీసి చూస్తూనే ఉంటాను. ఇక్కడ "ఒక పాడైనది" అన్నది ఖాయం, ఎన్ని బోర్డులు చూడాల్సి వస్తుందో తేలాలి. ఇది జియోమెట్రిక్. ఒకటి కాకుండా మూడు దొరికేదాకా అంటే నెగటివ్ బైనామియల్.

ఒక నిమిషం పాటు సర్వర్‌ని గమనిస్తాను, ఎన్ని రిక్వెస్టులు వచ్చాయో చూస్తాను. సమయం ఖాయం, సంఖ్య తేలాలి. ఇది పాయిజాన్.

తర్వాతి రిక్వెస్టు వచ్చేదాకా ఎంతసేపు పడుతుందో చూస్తాను. సంఖ్య ఖాయం, సమయం తేలాలి. ఇది ఎక్స్‌పొనెన్షియల్. మూడో రిక్వెస్టు దాకా అంటే గామా. గామా ఆకారాన్ని నిర్ణయించే షేప్ అన్న పారామీటర్ (ఇక్కడ 3) పూర్ణాంకమైతే ఆ గామానే ఎర్లాంగ్ అంటారు. కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేస్తూ 1909లో కాల్స్ మీద పేపర్ రాసిన ఎ.కె. ఎర్లాంగ్ పేరు అది.

ఈ నాలుగూ రెండు జంటలు. బైనామియల్, జియోమెట్రిక్ ఒకే ప్రక్రియను రెండు వైపుల నుంచి చూడడం. పాయిజాన్, ఎక్స్‌పొనెన్షియల్ కూడా అంతే. నమ్మకం కలగకపోతే లెక్క వేసి చూడండి. ఒక్కో బోర్డు పాడయ్యే సంభావ్యత 0.05. 20 బోర్డుల్లో ఒక్కటీ పాడవని సంభావ్యత 0.95 ఘాతం 20, అంటే 0.3585. "మొదటి పాడైన బోర్డు 20 దాటాకే దొరుకుతుంది" అన్న దాని సంభావ్యత ఎంత? అదే 0.3585. రెండు వాక్యాలూ చెప్పే సంఘటన ఒక్కటే.

రెండో జంట కూడా చూడండి. నిమిషానికి సగటున 4 రిక్వెస్టులు వస్తున్నాయి. అర నిమిషంలో ఒక్కటీ రాని సంభావ్యత? అర నిమిషానికి సగటు 2, కాబట్టి ఎక్స్‌ప్(−2) = 0.1353 (ఎక్స్‌ప్ అంటే కాలిక్యులేటర్‌లో ఉండే 2.718 ఘాతం). రెండు రిక్వెస్టుల మధ్య ఖాళీ సగటున 15 సెకన్లు. ఆ ఖాళీ 30 సెకన్లు దాటే సంభావ్యత ఎక్స్‌ప్(−30/15), మళ్ళీ 0.1353.

పరీక్షలో ఒక దారిలో చిక్కుకుంటే జంటలోని రెండో దారిలో చేసి సరిచూసుకోవచ్చు.

3. షరతులు నిజంగా ఉన్నాయా?

పేరు తట్టగానే ఫార్ములాలోకి దూకేస్తే ఇక్కడ దెబ్బ తింటారు. బైనామియల్‌కి ప్రయత్నాల సంఖ్య ముందే ఖాయమై ఉండాలి, ప్రతిదానికీ రెండే ఫలితాలుండాలి, సంభావ్యత అన్నిటికీ ఒకటే కావాలి, ఒకదాని ఫలితం ఇంకోదాన్ని ముట్టుకోకూడదు. చివరి రెండే తరచుగా తప్పుతాయి.

చిన్న లాట్ నుంచి శాంపిల్ తీసి, తీసినవాటిని తిరిగి కలపకపోతే సంభావ్యత మారుతూ పోతుంది. 50 బోర్డుల లాట్‌లో 5 పాడైనవి ఉన్నాయి, 10 తీశారు. ఒక్కటీ పాడైనది రాని సంభావ్యతను బైనామియల్‌తో వేస్తే 0.9 ఘాతం 10, అంటే 0.3487. అసలు జవాబు, తిరిగి కలపని శాంపిల్ కోసమే ఉన్న హైపర్‌జియోమెట్రిక్‌తో వచ్చే 0.3106. మొత్తం లాట్‌లో ఐదో వంతు తీసేశాం కాబట్టి అంత తేడా వచ్చింది. శాంపిల్ లాట్‌లో పది శాతం లోపు ఉంటే బైనామియల్‌తో సరిపెట్టుకోవచ్చని ఒక వాడుక సూత్రం. లాట్ సైజు ఇచ్చి, "తిరిగి కలపకుండా" అన్న మాట కూడా ఉంటే మాత్రం ఆలోచించక్కర్లేదు, హైపర్‌జియోమెట్రిక్కే.

ఇండిపెండెన్స్ (ఒకదాని ఫలితం ఇంకోదాన్ని ముట్టుకోకపోవడం) సంగతి ఇంకా మెత్తగా దెబ్బ తీస్తుంది. వైర్‌లెస్ లింక్‌లో ఒక బిట్ పోతే పక్క బిట్లు కూడా పోవడం మామూలే, ఎందుకంటే సిగ్నల్ ఒక్క క్షణం పడిపోయినప్పుడు ఆ క్షణంలోని బిట్లన్నీ కలిసి మునుగుతాయి. అక్కడ బైనామియల్ వాడితే సగటు సరిగ్గానే వస్తుంది, విస్తృతి మాత్రం అసలు ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. ఎర్రర్ కరెక్షన్ కోడ్ డిజైన్ చేసేవాళ్ళకు కావాల్సింది ఆ విస్తృతే.

4. పాయిజాన్ అనిపిస్తే సగటునీ వేరియన్స్‌నీ పక్కపక్కన పెట్టండి

పాయిజాన్‌కి ఉన్న గొప్ప సౌకర్యం, దానికి పారామీటర్ ఒక్కటే: లాంబ్డా. సగటూ అదే, వేరియన్స్ (స్టాండర్డ్ డీవియేషన్ వర్గం) కూడా అదే. ఫార్ములా మర్చిపోయినా ఇది మర్చిపోకండి. డేటా చేతిలో ఉంటే చేయాల్సిన మొదటి పరీక్ష ఇదే.

అందరూ చెప్పే ఉదాహరణ ఒకటుంది. పాతదే అయినా అంకెలు ఇంత చక్కగా కుదిరినది అరుదు కాబట్టి నేనూ అదే చెబుతాను. ప్రష్యా సైన్యంలో గుర్రాలు తన్ని చనిపోయిన సైనికుల లెక్కలను లాడిస్లాస్ బోర్ట్‌కీవిచ్ 1898లో ప్రచురించాడు. 10 దళాలు, 20 ఏళ్ళు, మొత్తం 200 దళ-సంవత్సరాలు. చనిపోయినవాళ్ళు 122 మంది. సగటు 122/200 = 0.61. ఒక్క చావూ లేనివి 109, ఒకటి ఉన్నవి 65, రెండు ఉన్నవి 22, మూడు 3, నాలుగు 1.

ఇప్పుడు లాంబ్డా 0.61 పెట్టి పాయిజాన్ లెక్క వేయండి. ఎక్స్‌ప్(−0.61) = 0.5434. దాన్ని 200తో గుణిస్తే 108.7. తర్వాతి విలువకు మళ్ళీ మొత్తం ఫార్ములా అక్కర్లేదు. ముందు వచ్చినదాన్ని లాంబ్డాతో గుణించి, ఇప్పుడు లెక్కిస్తున్న సంఖ్యతో భాగిస్తే చాలు. 108.7 × 0.61 ÷ 1 = 66.3. ఆపై 66.3 × 0.61 ÷ 2 = 20.2. తర్వాత 4.1, ఆ తర్వాత 0.6. అసలు డేటా 109, 65, 22, 3, 1. అదే డేటాకు వేరియన్స్ కూడా కట్టి చూడండి, 0.61 చుట్టూనే వస్తుంది. వెనకటిదాన్ని గుణించి భాగించే ఈ పద్ధతి పరీక్ష హాల్లో సమయం బాగా మిగులుస్తుంది.

సగటు 4, వేరియన్స్ 15 అని వస్తే అది పాయిజాన్ కాదు. రిక్వెస్టులు గుంపులుగా వస్తున్నాయనో, రద్దీ సమయాన్నీ ఖాళీ సమయాన్నీ ఒకే డేటాలో కలిపేశారనో అర్థం. రెండో పరిస్థితి అయితే గంటల వారీగా విడగొట్టండి, చాలాసార్లు తేలిపోతుంది. మొదటిదైతే నెగటివ్ బైనామియల్ ప్రయత్నించండి, దాన్ని విఫల ప్రయత్నాల సంఖ్యగా రాస్తే వేరియన్స్ సగటు కంటే పెద్దది.

లాంబ్డాకి ఎప్పుడూ ఒక యూనిట్ తోక ఉంటుంది. నిమిషానికి 4 అన్నది అర నిమిషానికి 2, ఐదు నిమిషాలకు 20. ప్రశ్నలో రేటు ఒక వ్యవధికి ఇచ్చి, ఇంకో వ్యవధికి అడగడం పేపర్ సెట్ చేసేవాళ్ళకు మహా ఇష్టం. లెక్క మొదలుపెట్టేముందు లాంబ్డా పక్కన "అర నిమిషానికి" అని పెన్నుతో రాసిపెట్టుకోండి.

బైనామియల్‌లో ఎన్ (ప్రయత్నాల సంఖ్య) చాలా పెద్దదై, పి (ఒక్కోదాని సంభావ్యత) చాలా చిన్నదైతే పాయిజాన్‌తో పని కానివ్వచ్చు. 1000 బిట్లు, ఒక్కోటి తప్పే సంభావ్యత 0.002. ఒక్కటీ తప్పని సంభావ్యత బైనామియల్‌తో 0.1351, పాయిజాన్‌తో 0.1353.

5. ఆయుష్షు లెక్కల్లో: వాడిన వస్తువుకు పాత గుర్తుంటుందా?

ఎక్స్‌పొనెన్షియల్‌కి జ్ఞాపకశక్తి లేదు. ఐదేళ్ళు పనిచేసిన భాగం, ఇవాళ బిగించిన కొత్త భాగం, రెండూ రాబోయే ఏడాదిలో పాడయ్యే సంభావ్యత ఒకటే అంటుంది. సర్వర్ రిక్వెస్టులకు ఇది నప్పుతుంది. ఎలక్ట్రానిక్ భాగాలకు వాటి నడి వయసులో చాలావరకు నప్పుతుంది. అరిగిపోయే బేరింగుకీ, తుప్పు పట్టే పైపుకీ నప్పదు. లెక్క తేలికని అన్నిటికీ ఎక్స్‌పొనెన్షియల్ పెట్టేయడం ఇంజినీరింగ్ రిపోర్టుల్లో నాకు బొత్తిగా నచ్చని అలవాటు.

ఇంకో అపోహ. ఒక భాగం ఎం.టి.బి.ఎఫ్. (రెండు వైఫల్యాల మధ్య సగటు సమయం) 1,00,000 గంటలు అని డేటాషీట్‌లో ఉంటే, పదకొండేళ్ళకు పైగా ఢోకా లేదని చదువుతారు. ఫెయిల్యూర్ రేటు స్థిరంగా ఉంటే ఎక్స్‌పొనెన్షియల్ చెప్పేది వేరు. ఏడాదికి 8760 గంటలు, కాబట్టి మొదటి ఏడాదిలోనే పాడయ్యే సంభావ్యత 1 − ఎక్స్‌ప్(−0.0876), అంటే 8.4 శాతం. 1,00,000 గంటలు పూర్తయ్యేసరికి పాడైపోయేవి సగం కాదు, 63.2 శాతం. సగటును దాటి బతికేవి మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ, అంతే. కొన్ని మరీ ఎక్కువ కాలం బతికి సగటును పైకి లాగుతాయి.

వయసుతో రేటు మారేచోట వైబుల్ వాడండి. స్వీడన్ ఇంజినీర్ వలోడి వైబుల్ 1951లో రాసిన పేపర్‌తో ఇది ఇంజినీర్ల చేతుల్లోకి వచ్చింది. ఇందులో షేప్ పారామీటర్ ఒక్కటే కథంతా చెబుతుంది. అది 1 కంటే తక్కువైతే మొదట్లో ఎక్కువ పాడై, తట్టుకున్నవి నిలబడతాయి, తయారీ లోపాలుంటే ఇలా కనిపిస్తుంది. సరిగ్గా 1 అయితే ఎక్స్‌పొనెన్షియలే. 1 కంటే ఎక్కువైతే అరుగుదల, వయసు పెరిగే కొద్దీ ప్రమాదం.

స్కేల్ పారామీటర్ 10,000 గంటలు అనుకుని, 2,000 గంటల్లో పాడయ్యే సంభావ్యత మూడు షేపులకూ వేసి చూడండి. బతికే సంభావ్యత ఎక్స్‌ప్ లోపల మైనస్ (2000/10000) ఘాతం షేప్. షేప్ 0.5 అయితే 36 శాతం పాడవుతాయి. 1 అయితే 18 శాతం. 2 అయితే 4 శాతం లోపే. మూడింటిలోనూ 10,000 గంటల దగ్గర పాడైనవి మాత్రం అదే 63.2 శాతం. వారంటీ ఎంతకాలం ఇవ్వాలన్న నిర్ణయం షేప్ మీదే ఎందుకు ఆధారపడుతుందో ఈ మూడు అంకెలు చాలు చెప్పడానికి.

షేప్ 1 కంటే తక్కువ ఉన్నచోట పాతబడిందని మంచి భాగాన్ని ముందే మార్చేస్తే నష్టమే. మళ్ళీ కొత్తదానితో మొదటి గండం ఎదుర్కోవాలి.

6. నార్మల్ వాడే ముందు: ఇది చాలా చిన్న కారణాల కూడికేనా?

డిమ్వావర్ 1733లో బైనామియల్‌ని తేలిగ్గా లెక్కించే దారి వెతుకుతూ ఈ కర్వ్‌ని చేరుకున్నాడు. గాస్ 1809లో కొలతల్లోని పొరపాట్లకు వాడి చూపించాడు, గాసియన్ అన్న పేరు అలా వచ్చింది. ఎన్నో చిన్నచిన్న, దాదాపు ఇండిపెండెంట్ కారణాలు ఒకదానికొకటి కూడితే, ఏ ఒక్కటీ మిగతావాటిని మింగేసేంత పెద్దది కాకపోతే, మొత్తం నార్మల్ వైపు జరుగుతుంది. సెంట్రల్ లిమిట్ థీరమ్ సారం అదే. మెషిన్ వణుకు, ఉష్ణోగ్రత, టూల్ అరుగుదల, కొలిచే చేయి, ఇలా అన్నీ కలిసి షాఫ్ట్ వ్యాసాన్ని అటూ ఇటూ నెడతాయి, కాబట్టి అక్కడ నార్మల్ నప్పుతుంది.

ఆ షాఫ్ట్‌కే వద్దాం. సగటు 25.00, సిగ్మా 0.02, అనుమతించిన హద్దులు 24.95 నుంచి 25.05. హద్దు సగటుకి రెండున్నర సిగ్మాల దూరంలో ఉంది. టేబుల్ ప్రకారం లోపల ఉండేవి 98.76 శాతం, బయటపడేవి 1.24 శాతం. ఇప్పుడు మెషిన్ సెట్టింగ్ కొద్దిగా జారి సగటు 25.02 అయింది, సిగ్మా మారలేదు. పై హద్దు ఒకటిన్నర సిగ్మాల దూరానికి వచ్చేసింది, ఆ వైపు నుంచే 6.68 శాతం పోతాయి. కింది వైపు నుంచి పోయేవి లెక్కలోకి రానంత తక్కువ. ఒక్క సిగ్మా జారితే తిరస్కరించే భాగాలు ఐదు రెట్లు పెరిగాయి. సిక్స్ సిగ్మా అనే నాణ్యత పద్ధతిలో చెప్పే "పది లక్షలకు 3.4" అన్న అంకె కూడా ఒకటిన్నర సిగ్మా జారుడును ముందే కలిపి కట్టినది. జారుడు లేకుండా ఆరు సిగ్మాల బయట ఉండేవి వంద కోట్లకు రెండు మాత్రమే.

షాఫ్ట్‌ని రంధ్రంలో దించాలంటే ఇంకో మెట్టు ఉంది. రంధ్రం సగటు 25.06, సిగ్మా 0.015. సందు అంటే రంధ్రం మైనస్ షాఫ్ట్, సగటు 0.06. సిగ్మా ఎంత? తీసివేస్తున్నాం కదా అని 0.02 లోంచి 0.015 తీసేయకండి. రెండు అనిశ్చితులు కలిస్తే పెరుగుతాయే గానీ తగ్గవు. వేరియన్స్‌లు కూడాలి: 0.0004 + 0.000225 = 0.000625, వర్గమూలం 0.025. సందు సున్నా కంటే తక్కువయ్యే సంభావ్యత 2.4 సిగ్మాల అవతలిది, 0.0082. వెయ్యి జతల్లో ఎనిమిది దిగవు. ఇదంతా షాఫ్ట్, రంధ్రం ఇండిపెండెంట్ అయితేనే.

నార్మల్ ఎక్కడ వద్దు? కొలత నెగటివ్ కాలేనిది అయి, స్టాండర్డ్ డీవియేషన్ సగటుకి దగ్గరగా ఉంటే వద్దు. రిపేరు సమయం సగటు 10 గంటలు, సిగ్మా 8 గంటలు. దానికి నార్మల్ పెడితే పది శాతానికి పైగా రిపేర్లు మొదలుకాకముందే పూర్తయినట్టు లెక్క తేలుతుంది. కారణాలు కూడే బదులు గుణించుకుంటూ పోయే చోట లాగ్‌నార్మల్ చూడండి. రిపేరు సమయాలు, రేణువుల సైజులు తరచుగా దానికి లొంగుతాయి. విలువలకు లాగ్ తీసి చూస్తే నార్మల్‌లా కనిపించాలి. ఏటా వచ్చిన గరిష్ఠ వరద మట్టం లాంటి వాటికి గంబెల్, సగటు సున్నా ఉన్న రెండు సమాన, ఇండిపెండెంట్ నార్మల్ భాగాల నుంచి వచ్చే సిగ్నల్ బలానికి రేలీ. వాటి పేర్లు ఇప్పటికి గుర్తుంటే చాలు.

యూనిఫామ్ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. హద్దుల మధ్య ఏ విలువకూ ప్రత్యేకత లేకపోతే అది. డిజిటల్ మీటర్ 0.1 వరకే చూపిస్తే రౌండింగ్ పొరపాటు −0.05 నుంచి +0.05 వరకు యూనిఫామ్, స్టాండర్డ్ డీవియేషన్ 0.1 ని √12తో భాగిస్తే వచ్చే 0.029. ఆ 12 వల్లే పాత రోజుల్లో ఒక చిట్కా నడిచింది. 0 నుంచి 1 మధ్య పన్నెండు యూనిఫామ్ సంఖ్యలు కూడి 6 తీసేస్తే సగటు 0, వేరియన్స్ 1 ఉన్న దాదాపు నార్మల్ సంఖ్య వస్తుంది. సగటుకి ఆరు సిగ్మాలు దాటి అది ఎన్నటికీ వెళ్ళలేదన్నది ఒక్కటే లోపం.

7. ప్రశ్నలోని మాటల్ని అసమానతలుగా మార్చండి

డిస్ట్రిబ్యూషన్ సరిగ్గా పట్టుకున్నాక కూడా మార్కులు పోయేది ఇక్కడ. "కనీసం 2" అంటే 2 లేదా ఎక్కువ. "2 కంటే ఎక్కువ" అంటే 3 నుంచి. "2కి మించకుండా" అంటే 0, 1, 2. లెక్కపెట్టే వాటిలో ఈ తేడా జవాబునే మార్చేస్తుంది, కొలిచే వాటిలో ఏమీ మారదు.

"కనీసం" అని కనబడితే ఒకటి లోంచి తీసేసే దారి చూడండి. మన 20 బోర్డుల్లో కనీసం 2 పాడయ్యే సంభావ్యతకు 2 నుంచి 20 దాకా పంతొమ్మిది పదాలు కూడక్కర్లేదు. సున్నాకి 0.3585, ఒకటికి 20 × 0.05 × 0.95 ఘాతం 19 = 0.3774. రెండూ కలిపి 0.7358. ఒకటి లోంచి తీస్తే 0.2642.

బైనామియల్‌ని నార్మల్‌తో అంచనా వేసేటప్పుడు అర కలపడం మర్చిపోకండి. ఎన్ 100, పి 0.5, 55 లేదా తక్కువ వచ్చే సంభావ్యత అసలు విలువ 0.8644. సగటు 50, సిగ్మా 5. 55 దగ్గరే కోస్తే జడ్ విలువ (సగటు నుంచి ఎన్ని సిగ్మాల దూరమో) 1, జవాబు 0.8413. 55.5 దగ్గర కోస్తే జడ్ 1.1, జవాబు 0.8643. 55 అన్న కడ్డీ 54.5 నుంచి 55.5 దాకా విస్తరించి ఉంటుంది, సగం కడ్డీని వదిలేస్తే తేడా రాక ఏం చేస్తుంది. ఎన్ × పి, ఎన్ × (1 − పి) రెండూ కనీసం 5 ఉంటేనే ఈ దారిలో వెళ్ళండి, 10 ఉంటే ఇంకా నయం.

జడ్ టేబుల్ చేతికి ఇచ్చినప్పుడు 1.5 ఎదురుగా ఏముందో మొదట చూడండి. 0.9332 ఉంటే అది ఎడమ చివర నుంచి కట్టిన టేబుల్. 0.4332 ఉంటే మధ్య నుంచి కట్టినది, అందులోని విలువకు అవసరాన్ని బట్టి 0.5 కలపాలి.

8. టి, కై-స్క్వేర్, ఎఫ్ ఎక్కడ కూర్చుంటాయి?

వీటిని మిగతావాటితో ఒకే పట్టికలో పెట్టి చదివితే అయోమయం తప్పదు. బోర్డులు, రిక్వెస్టులు, షాఫ్టులు ఈ డిస్ట్రిబ్యూషన్లతో పుట్టవు. డేటా నుంచి మనం కట్టిన అంకెలు వీటిని అనుసరిస్తాయి. శాంపిల్ చిన్నదై, సిగ్మా తెలియక శాంపిల్ నుంచే అంచనా వేసుకుంటే సగటు మీద తీర్పుకి టి. గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేసిన విలియం గాసెట్ 1908లో "స్టూడెంట్" అన్న మారుపేరుతో దీన్ని ప్రచురించాడు. చిన్న శాంపిళ్ళతోనే నిర్ణయాలు తీసుకోవాల్సిన ఉద్యోగం ఆయనది. శాంపిల్ వేరియన్స్ మీద ప్రశ్నకు, లెక్కించిన ఫ్రీక్వెన్సీలు అనుకున్నదానికి సరిపోయాయా అన్న ప్రశ్నకు కై-స్క్వేర్. రెండు వేరియన్స్‌ల నిష్పత్తికి ఎఫ్.

9. కంప్యూటర్‌కి ఇచ్చే ముందు పారామీటర్ ఏ రూపంలో అడుగుతోందో చదవండి

ఇప్పుడు ఎవరూ చేత్తో వేయరు, నిజమే. కానీ సాఫ్ట్‌వేర్ తప్పు ఇన్‌పుట్‌కి కూడా అంతే ధీమాగా జవాబిస్తుంది. పుస్తకాల్లో నార్మల్ పక్కన సగటు, వేరియన్స్ రాస్తారు. ఎక్సెల్, స్టాటిస్టిక్స్ భాష ఆర్, పైథాన్ లైబ్రరీ నంపై మాత్రం స్టాండర్డ్ డీవియేషన్ అడుగుతాయి. ఎక్స్‌పొనెన్షియల్‌కి ఎక్సెల్, ఆర్ లాంబ్డా తీసుకుంటాయి. నంపై, పైథాన్‌లోనే ఇంకో లైబ్రరీ అయిన సైపై తీసుకునేది స్కేల్, అంటే 1/లాంబ్డా. పైగా సైపైలో పేరు చెప్పకుండా ఒక సంఖ్య ఇస్తే దాన్ని స్కేల్ అనుకోదు, గ్రాఫ్‌ని పక్కకు జరపమన్నారనుకుంటుంది. జియోమెట్రిక్‌ని సైపై ఒకటి నుంచి, ప్రయత్నాలుగా లెక్కపెడుతుంది. ఆర్ సున్నా నుంచి, విఫల ప్రయత్నాలుగా లెక్కపెడుతుంది. వైబుల్ షేప్‌ని చాలా పుస్తకాలు బీటా అంటే, ఎక్సెల్ ఆల్ఫా అంటుంది, స్కేల్‌ని బీటా అంటుంది.

ఇవన్నీ గుర్తుపెట్టుకోవడం ఎవరి తరమూ కాదు, అవసరం కూడా లేదు. సంభావ్యత అడిగే ముందు అవే పారామీటర్లతో ఓ లక్ష రాండమ్ సంఖ్యలు తీసి సగటు చూడండి. నిమిషానికి 4 రిక్వెస్టులు వచ్చేచోట రెండింటి మధ్య ఖాళీ సగటున పావు నిమిషం రావాలి. 0.25 బదులు 4 వచ్చిందంటే లాంబ్డా అడిగిన చోట స్కేల్, స్కేల్ అడిగిన చోట లాంబ్డా ఇచ్చేశారన్నమాట.